జీతము, అప్పు, సంతకము: ఆంగ్లములో డబ్బు మాటలు

(యౌవనస్థుల కూటములలోను, ఇండ్లలోను కలిసి చదువుకొనుటకు ఒక పాఠము)



మన సంఘములలో ఆంగ్లము బొత్తిగా రానివారు ఇప్పుడు తక్కువే. బస్సులోను, బజారులోను, ఆస్పత్రిలోను పని జరుపుకొనగలిగినంత ఆంగ్లము చాలామందికి ఉన్నది. చిక్కంతా కాగితము దగ్గర వస్తున్నది. ఉద్యోగపు ఉత్తరువు, జీతపు చీటి, బ్యాంకు దరఖాస్తు, ఇంటి అద్దె ఒప్పందము చేతికి వచ్చినప్పుడు మనలో అనేకులు అడిగే ప్రశ్న ఒక్కటే: "సంతకము ఎక్కడ పెట్టాలండీ?" ఆ కాగితములో ఏమున్నదో అడగము. అడిగితే చదువు రాదనుకొంటారేమోనని సిగ్గు.

మన స్థితిలో ఇంకొక ఇబ్బంది కూడ ఉన్నది. తాతల నాడే ఊరు విడిచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారము. పిల్లలు చదివేది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో. ఇంట్లో జీతమన్న మాటను బెంగుళూరు, చెన్నై వాసులు సంబళమంటారు, షోలాపూరు వారు పగార్ అంటారు, బరంపురము వారు దరమా అంటారు. యానాములో తెలుగే నడిచినా బ్యాంకు కాగితము మాత్రము ఆంగ్లములోనే వస్తుంది. ఇన్ని రకములుగా మాట్లాడే మనకు ఉమ్మడిగా మిగిలిన తెలుగు పుస్తకము ఒకటే, అది మన బైబిలు. డబ్బును గురించి, కూలిని గురించి, అప్పును గురించి అందులో ఉన్నన్ని మాటలు మరెక్కడా మనకు కనబడవు. కనుక ఈ పాఠములో ఆ మాటలను మేకులుగా కొట్టుకొని, ఆంగ్ల పదములను వాటికి తగిలించుకొందాము.

మొదట, ఎక్కువమంది తడబడే జంటను చూద్దాము. లెండ్, బారో. తెలుగులో "అప్పు" అన్న మాట రెండు వైపులా పనిచేస్తుంది: అప్పు ఇచ్చాను, అప్పు తెచ్చాను. ఆంగ్లములో ఇచ్చేవాడికి ఒక క్రియ, పుచ్చుకొనేవాడికి వేరొక క్రియ. ఇచ్చుట లెండ్, తెచ్చుకొనుట బారో. మనవారు "నాకు వంద రూపాయలు బారో చేయండి" అంటుంటారు; అది తప్పు, "లెండ్ మీ" అనవలెను. అయితే ఆంగ్లమునకు లేని సూక్ష్మము మన భాషకు ఉన్నది. వడ్డీ లేకుండ నాలుగు రోజులకు ఇచ్చినది చేబదులు. వడ్డీకి ఇచ్చినది అప్పు. జల్లెడో నిచ్చెనో వాడుకొని తిరిగి ఇచ్చేది ఎరవు. ఆంగ్లము దిక్కును చూస్తుంది, తెలుగు రకమును చూస్తుంది. ఈ ఒక్క సంగతి బోధపడితే తడబాటు సగము పోతుంది.

అప్పునకు ఆంగ్లములో రెండు నామవాచకములున్నవి. బ్యాంకు ఇచ్చేది లోన్. ఎవరికైనను మనము తీర్చవలసి ఉన్నది ఏదైనను డెట్. ఈ మాటలో బి అక్షరము వ్రాయబడుతుంది గాని పలుకబడదు, "డెబ్ట్" అనరాదు. అలాగే రసీదుకు ఆంగ్లమైన రిసీట్‌లో పి పలకదు. తాకట్టుకు మార్గేజ్ అంటారు, అందులో టి అక్షరము నిశ్శబ్దము. ఈ మాట పాత ఫ్రెంచి నుండి వచ్చినది, చచ్చిన కుదువ అని దాని అర్థము. ద్వితీయోపదేశకాండము 24వ అధ్యాయములో బీదవాని వస్త్రమును కుదువగా పెట్టుకొన్నవాడు ప్రొద్దు గ్రుంకక ముందే తిరిగి ఇవ్వవలెనని ఉన్న ఆజ్ఞ మీకు జ్ఞాపకమే. ఆ కుదువయే ఆంగ్లములో ప్లెడ్జ్. బంగారము పెట్టి తెచ్చుకొనే అప్పు కాగితములో ఈ మాటే ఉంటుంది.

ఇక మాట చివర "అర్" వచ్చినదా, "ఈ" వచ్చినదా చూచుకొనుట నేర్చుకోవలెను. ఎంప్లాయర్ పని ఇచ్చువాడు, ఎంప్లాయీ పని పొందినవాడు. పేయర్ చెల్లించువాడు, పేయీ డబ్బు అందుకొనువాడు. చెక్కు మీద వ్రాసేది పేయీ పేరు. లెస్సర్ అద్దెకిచ్చిన ఆసామి, లెస్సీ అద్దెకున్నవాడు. మార్గేజీ దగ్గర మాత్రము చాల చదువుకొన్నవారు కూడ పొరపాటు పడతారు. ఇల్లు తాకట్టు పెట్టినది మనము గనుక మనము మార్గేజర్, దానిని పుచ్చుకొన్న బ్యాంకు మార్గేజీ. అప్పు పుచ్చుకొన్నది మనమే గదా అని మనలను మార్గేజీ అనుకొంటే కాగితమంతా తలక్రిందులవుతుంది. (అబ్సెంటీ, రెఫరీ వంటివి ఈ లెక్కకు చిక్కవు. భాష అన్న తరువాత అంతే.)

కూలి, జీతము

మత్తయి 20వ అధ్యాయములోని ద్రాక్షతోట యజమానుడు దినమునకు ఒక దేనారము చొప్పున కూలివారితో ఒడబడెను. దినమునకు, వారమునకు, లేదా పని పరిమాణమునకు ఇచ్చే కూలిని వేజ్ లేదా వేజెస్ అంటారు. నెలకు ఇంతని నిర్ణయించి ఇచ్చేది శాలరీ. (ఈ మాట ఉప్పుకు లాటినులో ఉన్న మాటతో సంబంధము గలది. మన "ఉప్పు తిన్న" మాట ఇక్కడ గుర్తుకు రాక మానదు.) ద్రాక్షతోటలో కాలమును బట్టి కూలి, గనుక అది టైమ్ రేట్. షోలాపూరు, భివండి మగ్గముల మీద నేసిన గుడ్డను బట్టి ఇచ్చేది పీస్ రేట్. మీ పని కాగితములో ఏది ఉన్నదో చూడండి. పీస్ రేట్ అయితే కరెంటు పోయిన గంటలు ఎవరి నష్టమో ముందే అడిగి తెలిసికోవలెను.

మన బాప్టిస్టు చరిత్రలో ఈ మాటలకు ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువలో మూడు మైళ్లకు పైగా త్రవ్వకమును కాంట్రాక్టుగా తీసికొని, ఆకలితో వచ్చినవారికి పని కల్పించిరి. ప్రభుత్వము పని అప్పగించినది, ఆయన కాంట్రాక్టరు, మన బోధకులు ఓవర్‌సీయర్లు, త్రవ్వినవారు లేబరర్లు. ఆ దినములలో ఆయన కూలి పుచ్చుకొనే ఆశతో ఎవరును సంఘములో చేరకూడదని బాప్తిస్మములను ఆపివేసి, కరవు పని ముగిసిన తరువాతనే 1878లో ఇచ్చిరి. జూలై 3న ఒక్క రోజే 2,222 మంది. కూలి వేరు, కృప వేరు అని ఆయనకు తెలియును.

ఆ తేడా ఇప్పుడు మనకు అవసరమైన ఒక మాటలో ఇమిడి ఉన్నది. అది గ్రాట్యుటీ. గ్రేస్ అన్న మాటకు, దీనికి మూలము ఒకటే: కృతజ్ఞత, దయ. పూర్వము యజమాని సంతోషించి ఇస్తే పుచ్చుకొనే బహుమానము అది. కాని 1972లో వచ్చిన గ్రాట్యుటీ చట్టము దానిని హక్కుగా మార్చినది. రోమా పత్రిక 4వ అధ్యాయము 4వ వచనములో పౌలు, పని చేసినవానికి జీతము దయగా ఎంచబడదనీ, అది అతనికి రావలసిన బాకీయే అనీ చెప్పుచున్నాడు. గ్రాట్యుటీకి పేరు మాత్రము దయ, లెక్క మాత్రము బాకీ. "మా సారు దయగలవాడు, గ్రాట్యుటీ ఇచ్చాడు" అని మనవారు అంటుంటే మాకు ఈ వచనమే మనస్సుకు వస్తుంది.

లెక్క ఇట్లు కట్టవలెను. చివరి నెల మూల వేతనము, కరవు భత్యము కలిపి 26తో భాగించి, 15తో హెచ్చించి, పనిచేసిన సంవత్సరములతో హెచ్చించవలెను. 26,000 రూపాయల మీద పది సంవత్సరములు చేసినవానికి 1,50,000 వస్తుంది. మామూలుగా అయిదు సంవత్సరముల సేవ కావలెను. 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల ప్రకారము, కాలపరిమితి ఒప్పందము మీద చేరినవారికి ఒక సంవత్సరము చాలును. అట్టి ఉద్యోగమునకు ఆంగ్లములో ఫిక్స్‌డ్ టర్మ్ ఎంప్లాయ్‌మెంట్ అని పేరు. మీ ఉత్తరువులో ఈ మూడు మాటలున్నవేమో ఒకసారి తీసి చూడండి.

జీతపు చీటిలో పైన గ్రాస్, క్రింద నెట్ అని ఉంటుంది. గ్రోసు అంటే పన్నెండు డజన్లని పెద్దలు చెప్పగలరు. ఇక్కడి గ్రాస్ కూడ ఆ కుటుంబపు మాటే గాని, కోతలకు ముందున్న మొత్తమని అర్థము. కోతలు డిడక్షన్లు. చేతికి వచ్చేది నెట్, లేదా టేక్ హోమ్. వీటన్నిటికి పైన ఇప్పుడు సి.టి.సి. అనే మాటొకటి వచ్చినది: కాస్ట్ టు కంపెనీ, అనగా మన మీద కంపెనీకయ్యే మొత్తము ఖర్చు. అది మన జీతము కాదు. పెండ్లి సంబంధములు మాట్లాడుకొనేటప్పుడు కూడ ఈ అంకెనే చెప్పుకొంటున్నారు, కనుక అమ్మాయి తలిదండ్రులు సహా ఈ భాగము చదవవలెను.

సంవత్సరమునకు మూడు లక్షల సి.టి.సి. అన్నారనుకొందాము. నెలకు 25,000. అందులో మూల వేతనము 15,000 అయితే, యజమాని కట్టే ప్రావిడెంట్ ఫండు నూటికి 12 చొప్పున 1,800, గ్రాట్యుటీకి తీసిపెట్టేది 721. ఈ రెండూ పోగా గ్రాస్ 22,479. అందులోనుండి మన వంతు ఫండు 1,800 తీసివేస్తే చేతికి 20,679. ఇతర కోతలుంటే ఇంకా తగ్గుతుంది. ఇరవై అయిదనుకొని ఇల్లు అద్దెకు తీసికొన్నవాడు మొదటి నెలలోనే చేబదులుకు బయలుదేరతాడు.

ప్రావిడెంట్ అన్న మాటకు ముందుచూపు గలది అని అర్థము. యజమాని 12లో 8.33 పాళ్లు పింఛను పథకమునకు పోతుంది గనుక, పాస్‌బుక్కులో ఆయన వంతు తక్కువగా కనబడితే మోసమని తొందరపడవద్దు. ఊళ్లు, ఉద్యోగములు మారినా యు.ఏ.ఎన్. అనే ఒకే సంఖ్య క్రింద పాత ఖాతాలన్నిటిని కలుపుకొనవచ్చును. పాత కంపెనీ ఖాతాను మరచిపోయినవారు మనలో ఎంతోమంది ఉన్నారు.

పని పోయినప్పుడు

పని పోవుటకు తెలుగులో ఒకటే మాట, "పని పోయింది". ఆంగ్లములో అయిదారున్నవి. ఏది వ్రాశారన్న దానిని బట్టి డబ్బు మారుతుంది గనుక ఇక్కడ నిదానముగా చదవవలసినదిగా కోరుతున్నాము.

మన అంతట మనము మానివేసిన యెడల రిజిగ్నేషన్. తప్పు చేశావని తీసివేస్తే డిస్మిసల్. ఏ కారణము చేతనైనను ఉద్యోగము ముగించుటకు టర్మినేషన్. మన తప్పు లేకుండ, పనివారు ఎక్కువైనారని తీసివేస్తే రిట్రెంచ్‌మెంట్. ఇందులో, సంవత్సరము నిరంతరముగా పనిచేసినవానికి ప్రతి పూర్తి సంవత్సరమునకు 15 దినముల సగటు వేతనము పరిహారముగా రావలెను. సరకు లేదనో, యంత్రము చెడినదనో కొన్నాళ్లు పని చూపించకపోతే లే-ఆఫ్. ఇది తాత్కాలికము. చట్టము వర్తించే పెద్ద కర్మాగారములలో షరతులకు లోబడి సగము జీతము ఇవ్వవలెను. పత్రికలవారు మాత్రము సాఫ్ట్‌వేరు కంపెనీలు మనుష్యులను తీసివేసినప్పుడెల్లా లే-ఆఫ్ అనే వ్రాస్తున్నారు. పత్రిక భాష వేరు, చట్టపు భాష వేరు. కర్మాగారమునకే తాళము వేస్తే క్లోజర్. 2001 ఫిబ్రవరి 28న కోలారు బంగారు గనులకు జరిగినది అది. పనివారు పని మానితే స్ట్రైక్, యజమాని గేటు మూస్తే లాకౌట్. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మెను చూచిన కుటుంబములకు ఈ మాటలు నేర్పనక్కరలేదు.

ఈ తేడా తెలియక ఏమి జరుగునో చెప్పెదము. తీసివేయదలచిన యజమాని పిలిచి, "మంచి పేరుతో పోతావు, రిజైన్ చెయ్యి" అంటాడు. మనవాడు ఆ కాగితము మీద సంతకము చేసి వస్తాడు. తీసివేసినది వారు, కాగితములో మానినది మనవాడు. రిట్రెంచ్‌మెంటు పరిహారము అక్కడితో పోయినట్లే. మేమెరిగిన ఒక సహోదరుడు ఒక చిన్న కర్మాగారములో పదునాలుగు సంవత్సరములు చేసి ఈ విధముగానే బయటికి వచ్చెను. ఆయనకు కన్నడము చక్కగా వచ్చును, లెక్కలు నోటితో చేయగలడు. కాగితములోని రెండు పంక్తుల ఆంగ్లము మాత్రము ఎవరి చేతను చదివించుకొనలేదు.

ఆ తరువాత వచ్చే కాగితము ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్. దాని చివర సాధారణముగా ఒక వాక్యముండును: నాకు రావలసినదంతా ముట్టినది, ఇక ఏ క్లెయిమ్ లేదు అని. క్లెయిమ్ అనగా నాకు రావలసి ఉన్నదని అడిగే హక్కు. లెక్క మీకు ఒప్పుదల కాకపోతే, డబ్బు పుచ్చుకొనుచునే సంతకము ప్రక్కన "రిసీవ్డ్ అండర్ ప్రొటెస్ట్" అని వ్రాయవచ్చును. ఒప్పుకొనక పుచ్చుకొన్నానని దాని భావము. కాగితము నకలు అడిగి పుచ్చుకొని, సంఘములో చదువుకొన్నవారికో కార్మిక శాఖవారికో చూపవలెను. కొత్త వేతన స్మృతి ప్రకారము, తీసివేసినా మానివేసినా, రావలసిన జీతమును రెండు పనిదినములలో చెల్లించవలెను. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకువరకు ఉంచుకొనవద్దన్న మోషే ధర్మశాస్త్రముకంటె ఇది ఆలస్యమే అయినను, మునుపటి కంటె మేలు. రాకపోతే యాకోబు 5:4 చదివి ఊరుకొనక, కార్మిక శాఖకు కూడ వ్రాయండి.

పూటకాపు

ఇప్పుడు అన్నిటికంటె మన సంఘములను ఎక్కువగా బాధించిన మాటకు వచ్చాము. గ్యారంటర్. దీనికే ష్యూరిటీ అని మరియొక పేరు. ఆరాధన ముగిసి బయటికి రాగానే, "అన్నా, ఒక్క సంతకము, అంతే, ఫార్మాలిటీ" అంటారు. ఫార్మాలిటీ అనగా లాంఛనము. గ్యారంటరు సంతకము లాంఛనము కాదు.

మన బైబిలులో దీనికి చక్కటి తెలుగు ఉన్నది: పూటపడుట. పూటపడినవాడు పూటకాపు. సామెతలు 6:1–5 చదవండి. పొరుగువానికి పూటపడినవాడు వేటకాని చేతిలోనుండి తప్పించుకొనే లేడివలె తప్పించుకొని పోవలెనని సొలొమోను బ్రతిమాలుచున్నాడు. 22:26, 27లో ఇంకా కఠినముగా ఉన్నది: తీర్చలేనివాని క్రింద పరుపు కూడ మిగలదు. ఇది కవిత్వము మాత్రమే కాదు, నేటి చట్టము కూడ. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్టు చట్టము 128వ సెక్షను ప్రకారము, ఒప్పందములో వేరుగా లేనియెడల, పూటకాపు బాధ్యత అసలు అప్పు తీసికొన్నవాని బాధ్యతతో సమానము. ఆంగ్ల మాట కో-ఎక్స్‌టెన్సివ్. అనగా బ్యాంకు మొదట అతని ఇల్లు వేలము వేసి, చాలకపోతేనే మన దగ్గరకు రావలెనన్న నియమము లేదు. నేరుగా మన దగ్గరకే రావచ్చును. "వాడు కట్టకపోతే గదా" అని ధైర్యము చెప్పుకొనువారు ఈ మాటను రెండుసార్లు చదవవలెను.

దీనితో కలిసి వచ్చే మరి మూడు మాటలు. ప్రిన్సిపల్ డెటార్ అనగా అసలు అప్పరి. డిఫాల్ట్ అనగా గడువుకు కట్టకపోవుట. జాయింట్లీ అండ్ సెవరల్లీ అనగా ఇద్దరు సంతకము చేసినా బాకీ చెరి సగము కాదు. మొత్తమును ఎవరి దగ్గరనుండియైనను వసూలు చేయవచ్చును. ఈ చివరి మాట కనబడితే కలము క్రింద పెట్టి ఆలోచించవలెను.

అట్లయితే సహోదరునికి సహాయము చేయకూడదా అని అడుగుదురు. బైబిలు పూటపడుటను పూర్తిగా త్రోసివేయలేదు. బెన్యామీను కొరకు యూదా పూటపడెను. ఒనేసిము బాకీని తన లెక్కలో వ్రాసికొమ్మని పౌలు స్వహస్తముతో ఫిలేమోనుకు వ్రాసెను. హెబ్రీ పత్రిక 7:22 మన ప్రభువునే పూటకాపు అనుచున్నది. అయితే ఈ ముగ్గురిలో ఎవరును లాంఛనమనుకొని పూటపడలేదు. చెల్లించవలసి వచ్చునని తెలిసి, చెల్లించుటకు సిద్ధపడి ముందుకు వచ్చిరి. కనుక మా అభిప్రాయము ఇది: ఆ మొత్తమును మీరే కట్టగలిగి, కట్టినా ఆ సహోదరునితో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందగలిగితే సంతకము చేయండి. లేనియెడల చేయలేనని ముఖముననే చెప్పండి. ఒక సంతకము చేత రెండు కుటుంబములు ఒకే సంఘములో ఎదురెదురు బల్లల మీద కూర్చొని మాటలు మానివేయుట మేము చూచియున్నాము. చేయలేనని మర్యాదగా చెప్పుటకు ఆంగ్లము: "ఐ యామ్ నాట్ ఇన్ ఎ పొజిషన్ టు స్టాండ్ గ్యారంటీ."

వడ్డీ

అసలు ప్రిన్సిపల్, వడ్డీ ఇంటరెస్ట్. మనము నూటికి నెలకు ఇంత అని చెప్పుకొంటాము. బ్యాంకు పర్ యానమ్, అనగా సంవత్సరమునకు అని చెప్పుతుంది. రెండు రూపాయల వడ్డీ అంటే సంవత్సరమునకు 24 శాతమని పిల్లలకు నేర్పవలెను. "బ్యాంకువాడు పన్నెండంటున్నాడు, మన సేటు రెండే అంటున్నాడు" అని మురిసినవారిని ఎరుగుదుము.

ఫ్లాట్ రేట్, రెడ్యూసింగ్ బ్యాలెన్స్ అన్నవి మరి రెండు మాటలు. లక్ష రూపాయలు ఒక సంవత్సరమునకు 12 శాతము ఫ్లాట్ అయితే వడ్డీ 12,000. నెల వాయిదా 9,333. అదే 12 శాతము రెడ్యూసింగ్ అయితే వాయిదా 8,885, సంవత్సరపు వడ్డీ దాదాపు 6,619 మాత్రమే. ఎందుకనగా నెలనెలా అసలు కొంత తీరుచున్నది గనుక మిగిలినదాని మీదనే వడ్డీ పడవలెను. ఫ్లాట్‌లో తీర్చివేసిన అసలు మీద కూడ చివరివరకు వడ్డీ కట్టుచునే ఉంటాము. ఆ 12 ఫ్లాట్‌ను సరిగా లెక్కించితే దాదాపు 21న్నర శాతమవుతుంది. బండి కొనేటప్పుడు, ఫ్రిజ్ కొనేటప్పుడు అడుగవలసిన ప్రశ్న: "ఈజ్ ఇట్ ఫ్లాట్ ఆర్ రెడ్యూసింగ్?"

మరికొన్ని మాటలు

అడ్వాన్స్ అన్న మాటతో జాగ్రత్త. బెంగుళూరు, చెన్నైలలో ఇంటికి ఇచ్చే అడ్వాన్స్ ఖాళీ చేసినప్పుడు తిరిగి వచ్చేది. బొంబాయిలో దానినే డిపాజిట్ అంటారు. అసలు ఆంగ్లములో అడ్వాన్స్ అనగా ముందుగా ఇచ్చి తరువాత లెక్కలో తగ్గించుకొనేది. తిరిగి రావలసినదైతే కాగితములో సెక్యూరిటీ డిపాజిట్ అనియు, రిఫండబుల్ అనియు వ్రాయించుకొనవలెను. స్థలము కొనేటప్పుడు ముందుగా ఇచ్చేది ఎర్నెస్ట్ మనీ. అదే మన సంచకరువు. ఎఫెసీ 1:14లో ఆత్మను సంచకరువని పౌలు ఎందుకన్నాడో, స్థలము కొన్నవారు సులభముగా గ్రహిస్తారు: మిగిలినది తప్పక ఇచ్చెదనని చేతిలో పెట్టినది. కొనేవాడు వెనుకకు పోతే ఆ డబ్బు పోవచ్చును. దానికి ఫర్‌ఫీట్ అని మాట.

చీటీలు వేసేవారికి ఒక మాట. కర్మాగారములో ఫోర్‌మన్ అంటే పనివారి మీద పెద్ద. చీటీ ఒప్పందములో ఫోర్‌మన్ అంటే చీటీ నడిపేవాడు. 1982 చిట్ ఫండ్స్ చట్టములో అదే పేరు. 2019 సవరణ తరువాత అతని కమీషను నూటికి ఏడుకు మించరాదు. పాట పాడి చీటీ ఎత్తినవాడు ప్రైజ్డ్ సబ్‌స్క్రైబర్. రిజిస్టర్ కాని చీటీకి ఈ మాటలేవియు వర్తించవు, నడిపేవాడు మన సంఘస్థుడైనను సరే.

నామినీ అనగా మన తరువాత ఆ డబ్బును అందుకొనుటకు మనము పేరు వ్రాసిన వ్యక్తి. బ్యాంకు ఖాతాలో నామినీ అందుకొనువాడే గాని సొంతదారుడు కానక్కరలేదు. వారసుల పక్షమున పుచ్చుకొంటాడు. పెండ్లికి ముందు తల్లి పేరు వ్రాసి, ఆ తరువాత మార్చనివారు ఎందరో. 2025 నవంబరు 1 నుండి బ్యాంకు ఖాతాకు నలుగురివరకు నామినీలను వ్రాయవచ్చును.

టాలెంట్ అన్న మాటను కూడ చెప్పవలెను. మత్తయి 25లోని తలాంతు ఒక పెద్ద మొత్తపు డబ్బు. ఆ ఉపమానము మూలముగానే ఆంగ్లములో ఆ మాట నేర్పు అనే అర్థమునకు మారినది. డబ్బు మాట ఒకటి గుణముగా మారుట అరుదు.

అభ్యాసము

కూటములో ఇద్దరిద్దరుగా చేయండి. జవాబులు క్రింద ఉన్నవి, ముందే చూడవద్దు.

1. "దయచేసి నాకు మీ గొడుగు ఇవ్వండి, రేపు తెస్తాను" అనుటకు లెండ్ వాడవలెనా, బారో వాడవలెనా?
2. మీరు బ్యాంకుకు ఇల్లు తాకట్టు పెట్టినారు. మార్గేజీ ఎవరు?
3. మిల్లులో నూలు లేదని పది దినములు పని చూపలేదు, తిరిగి రమ్మన్నారు. ఇది ఏమి?
4. నెలకు మూల వేతనము, కరవు భత్యము కలిపి 13,000. ఎనిమిది సంవత్సరముల సేవ. గ్రాట్యుటీ ఎంత?
5. ఇద్దరు జాయింట్లీ అండ్ సెవరల్లీ అని సంతకము చేసి 80,000 తెచ్చిరి. ఒకడు ఊరు విడిచిపోయెను. రెండవవాని మీద బ్యాంకు ఎంత అడుగవచ్చును?
6. మూడు రూపాయల వడ్డీ సంవత్సరమునకు ఎంత శాతము?

జవాబులు: 1. లెండ్. 2. బ్యాంకు. 3. లే-ఆఫ్. 4. 60,000 రూపాయలు. 5. మొత్తము 80,000, దాని మీది వడ్డీ కూడ. 6. 36 శాతము.